పానకాలు కుడికాలు

పదేళ్ల వయసులో గుంట మగ్గంలోకి కాళ్లు దించిన పానకాలు, నలభై ఏళ్లు దాటినా పైకి తీయలేదని భార్య చెంచమ్మ ఎగతాళి. చీరాలలో అలాంటి నేతగాడికి యాభై ఎనిమిదో ఏట కుడికాలు మొండికేసింది. మడమ దగ్గర మొదలైన తిమ్మిరి అరికాలంతా పాకింది. తొక్కుడు చెక్క మీద కాలుందో లేదో వంగి చూసుకుంటే తప్ప తెలియదు. చీరలో తప్పులు పడుతుంటే మగ్గం ఆపేసి, భార్య పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టసాగాడు. అదే తలవంపులనుకుంటే, చుట్టింది వదులుగా ఉందని ఆవిడ సరిదిద్దడం!

ఇంటి వైద్యం మొదలైంది. తల్లి పున్నమ్మ చీలమండకు నల్లతాడు బిగించింది. తగ్గలేదు. అత్తగారి కట్టు మీద నమ్మకం లేక చెంచమ్మ ఎర్రతాడు ఇంకాస్త బిగించింది. ఆమె తల్లి వేటపాలెం నుంచి రాగి కడియం తెచ్చి, తన చేత్తోనే కాలికి తొడిగి నొక్కి వెళ్లింది. దాంతో కాలు పూర్తిగా పరాయిదైపోయింది.

చివరికి మిషను ఆస్పత్రికి పోతే, వ్యాయామాలు చేయించే ప్రేమమ్మ ఆ కాలు చూసి నోరు వెళ్లబెట్టింది.

"మొదట పట్టింది ఉత్త తిమ్మిరేనయ్యా. ఈ కట్లే నరాన్ని నొక్కేశాయి. తీసెయ్యాలి."

"ఎవరిది ముందు తీస్తే వాళ్లు నన్ను బతకనివ్వరండీ!"

ఆవిడ వినలేదు. మూడూ తీసి పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

"రోజూ కాలి బొటనవేలితో గాలిలో అఆలు రాయండి. చీలమండ ఆడాలి."

"నాకు అఆలు రావండీ. చీర అంచులొచ్చు."

"అయితే అంచులే రాయండి. సాయంత్రం ఇంట్లోవాళ్లు అరికాలి మీద పుల్లతో గీసి, తెలుస్తోందో లేదో చూడాలి."

పొట్లం చూసి ఆడవాళ్లు మూడు రోజులు మాట్లాడలేదు. పానకాలుకు ఆ వైద్యం కూడా బాగానే ఉంది. గోడకు జారగిలబడి గాలిలో రుద్రాక్ష అంచు వేస్తుంటే, చెంచమ్మ ఉండబట్టలేక "మూడో పూస తప్పింది" అనేసింది.

రోజూ సాయంత్రం చీపురుపుల్లతో గీసేది. "తెలిసిందా?" "లేదే." నెల గడిచింది. లోపల భయం ముదిరింది.

"మగ్గం ఎవరికైనా ఇచ్చేద్దామే. ఇంక నా వల్ల కాదు," అన్నాడు ఓ సాయంత్రం.

చెంచమ్మ పుల్ల అందుకుంది. ఇంకోసారి గీసింది.

పానకాలు కిసుక్కుమన్నాడు. మళ్లీ గీసింది. చక్కిలిగిలికి మెలికలు తిరిగి నవ్వాడు. వద్దంటున్నా ఆవిడ గీస్తూనే ఉంది, కళ్లనీళ్లు కారిపోతున్నాయి. ఆ నవ్వూ ఈ ఏడుపూ విని ఇరుగుపొరుగు గుమ్మంలోకి వచ్చేశారు.

"ఏమైందే?" అంది పున్నమ్మ కంగారుగా.

"మీ అబ్బాయి కాలు ఇంటికొచ్చిందత్తా," అంది చెంచమ్మ. ముక్కు చీదుకుని మొగుడి వైపు తిరిగింది. "ఇంక నా పక్కనుంచి లేచి మగ్గంలోకి దిగు. నువ్వు చుట్టిన కండెలన్నీ విప్పి మళ్లీ చుట్టుకోవాలి."