పుట్టలో వేసిన పొట్టు

మా పాప తలకని డాక్టరమ్మ రాసిచ్చిన తారు షాంపూ మూత తీయగానే, ఎండకు కరిగిన రోడ్డులాంటి ఆ ఘాటు వాసనలోంచి చెదలు పట్టకుండా గోడలకు తారు పూసిన, బెళుగుప్ప దగ్గరి మా ఇంటి విత్తనాల గది నా ముందుకొచ్చి నిలబడింది.

ఆ గదిలో మా నాయన చెల్లెలు, అత్త, ఉండేది. మోచేతుల మీదా మోకాళ్ల మీదా ఎర్రటి మచ్చలు, వాటి మీద చేప పొలుసుల్లా తెల్లటి పొట్టు. అంతకుముందు ఆమె అంకుడాకు నానిన కొబ్బరినూనె పూసుకుని మిద్దె మీద పొద్దుటెండలో కూర్చునేది, ఎండాకాలం ముగిసేసరికి మచ్చలు పలచబడేవి. పెళ్లిచూపుల వాళ్ల కంట పడుతుందని మా జేజి, అంటే నాయన తల్లి, ఆమెను కిందికి దించి, వేరుశనగ విత్తనాలు దాచే కిటికీ లేని గదిలో పెట్టింది. అక్కడ పొట్టు ఎక్కువైంది.

అత్త చిన్నప్పుడు పాము కుబుసం తొక్కిందనీ, పాము దాన్ని తిరిగి అడుగుతోందనీ జేజి నమ్మకం. రోజూ తెల్లవారగానే జేజి, అత్త చాప మీది పొట్టును ఊడ్చి, కాగితంలో మడిచి నాకిచ్చేది. దాన్ని చేను గట్టున ఉన్న పుట్టలో వేసి వెనక్కి చూడకుండా రావాలి.

నాగుల చవితినాడు పాలు, చిమ్మిలి, నానబియ్యం పెట్టి, మడత లోపలికి జారవిడిచి, ఆగలేక వెనక్కి చూశాను. గాలి లేదు. అయినా పుట్టలో కాగితం గరగరలాడింది, ఎవరో మెల్లగా విప్పుతున్నట్టు.

ఇంటికి పరుగెత్తాను. చీకటి గదిలోంచి అత్త చేయి చాచింది.

"చిమ్మిలి ఏదే? ఇట్ల చేతిలో పెట్టు."

"దాన్ని ముట్టుకోవాకు, నీకూ వస్తాది!" వెనకనుంచి జేజి అరిచింది.

గడప మీద పెట్టి పారిపోయాను.

"ఏమే, నేనేమన్నా కరుస్తానా?" అని అత్త నవ్వింది. మళ్లీ ఎప్పుడూ చేయి చాచలేదు. నేను కాలేజీలో ఉండగా జ్వరంతో పోయింది.

మొన్న డాక్టరమ్మ "ఇంట్లో ఇంకెవరికైనా ఉండిందా?" అని అడిగితే, లేదనబోయి, "మా అత్తకు" అన్నాను.

"సోరియాసిస్ ముట్టుకుంటే రాదమ్మా. మళ్లీ మళ్లీ వస్తాది గానీ అదుపులో పెట్టొచ్చు. ముందు పూతమందు, షాంపూ చూద్దాం. తగ్గకపోతే లైటు వైద్యం ఉండాది, ముదిరితే మాత్రలు, సూదులు."

"లైటంటే?"

"ఎండలో ఉండే కిరణాల్లాంటివే. కొలిచి ఇస్తారు."

అత్తకు మేము లేకుండా చేసింది ఆ ఎండనే.

ఆ గది కూలిపోయింది. పుట్టను చదును చేసి సోలార్ పలకలు పరిచారు, పొద్దస్తమానం అవి ఎండ తాగుతుంటాయి. ఈ పొద్దున పాప దిండు దులిపి చూసుకుంటే, నా చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది. అందులో పొట్టు. ఎప్పుడు మడిచానో నాకే తెలియదు.

దాన్ని చెత్తబుట్టలో పడేసి, పూతమందు వేలికి తీసుకున్నాను. పాప మోచేయి వెనక్కి లాక్కుంది.

"అమ్మా, నీకూ వస్తాదేమో."

"రాదులే, ఇట్ల ఇయ్యి."

చేయి వెచ్చగా ఉంది, మచ్చ దగ్గర కాస్త గరుకు. అత్త చేయి ఎట్లా ఉండేదో నాకు తెలియదు.