చిన్న చిల్లులే కదా అన్నారు

గుండుగొలను దగ్గర ప్యాకింగ్ షెడ్డులో చేపల ట్రేలకి ఐసు వేస్తుంటే, కాళ్ల మధ్య వెచ్చగా ఏదో జారింది. చాటుకెళ్లి చూసుకున్నాను. కార్జం ముక్కంత నెత్తురు గడ్డ. నా ఒళ్లంటే నాకే రోత పుట్టింది. షెడ్డులో నీచు కంపు కాబట్టి నా వాసన ఎవరికీ తెలియలేదు. దానికి దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను, అంత బుద్ధి తక్కువదాన్ని. ఏడు నెలలు అలాగే దాచాను.

చివరికి గోళ్లు తెల్లగా పాలిపోయాయి. ఏలూరు డాక్టరమ్మగారు స్కానింగ్ చూసి, "గర్భసంచిలో పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలు. హిమోగ్లోబిన్ ఆరు. ఎలా నడిచొచ్చారమ్మా?" అన్నారు. బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చేదాకా అన్నం సయించలేదు. మాత్రలకి బ్లీడింగ్ ఆగలేదు. రక్తం ఎక్కించి విజయవాడ పంపారు.

అక్కడి సర్జన్‌గారు రోబోటిక్ హిస్టరెక్టమీ, అంటే రోబో మిషనుతో గర్భసంచి తీసేయడం అన్నారు. మా ఆయన బెదిరిపోయారు.

"మిషనే కోసేస్తే మరి తమరేం చేస్తారండీ?"

"చేతులు దానివి, నడిపేది నేనేనయ్యా. నేను కదపందే అది కదలదు."

"కరెంటు పోతేనో అండీ?"

నర్సమ్మ నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. పొట్టమీద గోరంతేసి గాట్లు అయిదు. డిశ్చార్జి చేస్తూ సర్జన్‌గారు, "పైన చిన్నవే గానీ లోపల పెద్ద కుట్టుందమ్మా. మళ్లీ నేను చూసేదాకా బరువులెత్తద్దు, కాపురం వద్దు" అన్నారు. విన్నది మేమిద్దరమే.

ఇంటికి రాగానే వీధి ఆడాళ్లంతా వచ్చి చీర తొలగించి మరీ చూశారు. మా ఆడపడుచు బుగ్గలు నొక్కుకుంది. "ఇంతేనా వదినా! దోమ కుట్టినట్టుంది. నా సిజేరియన్ కోత జానెడు, అయినా నెలలోపే పొలం వెళ్లలా? చిన్న చిల్లులే కదా, దీనికి మంచమెందుకు?"

నాకు సిగ్గేసింది. పన్నెండో రోజున ఎవరూ చెప్పకుండానే మంచినీళ్ల టిన్ను ఎత్తి గట్టుమీద పెట్టాను. మర్నాటికి జ్వరం, నెత్తురు, చీము. ఆ కంపుకి నాకే డోకొచ్చింది.

మళ్లీ విజయవాడ. "లోపలి కుట్టు అంచున విడింది. ఇన్‌ఫెక్షన్ కూడా. ఇంకా విడితే పేగులు కిందికి జారతాయి, మళ్లీ థియేటరే" అన్నారు సర్జన్‌గారు. ఆరు రోజులు సెలైన్లు, యాంటీబయాటిక్స్, కదలకుండా పడక. తుమ్మొస్తే కూడా ప్రాణం పోయినట్టుండేది. నా గుడ్డలు ఉతికింది ఎవరనుకున్నారు? ఆ ఆడపడుచే. ముక్కుకి కొంగు కట్టుకుని, "నా నోరు పడిపోను వదినా" అంటూ ఉతికింది. ఆమె మీద కోపం లేదు. నొప్పిని జానతో కొలిచే మా అందరి బుద్ధి మీదే అసహ్యం, అందులో నాది ముందు.

కుట్టు దానంతటదే మానింది. ఇప్పుడు షెడ్డుకి వెళుతున్నాను, సంచిలో గుడ్డ ముక్కలు మోసుకెళ్లే పని లేదు. ఆపరేషన్ పెట్టుకున్నవాళ్లకి ఒక్కటే చెబుతాను. డిశ్చార్జి రోజున మీ ఇంట్లో అందరికన్నా నోరున్న ఆడమనిషిని వెంటబెట్టుకెళ్లండి. జాగ్రత్తలు మీకు కాదు, ఆవిడకి చెప్పించండి.