పదును ఆరేలోపు

అనంతపురంలో రైలు దిగేసరికి ఉదయం ఆరున్నర. జూలై నెల. స్టేషన్ బయట మా సైన్యం ట్రక్కు ఆగి ఉంది. నా దగ్గర పనిముట్ల పెట్టె, పాత ల్యాప్‌టాప్, అట్టపెట్టెలో ఒక కొత్త పరికరం. కుందుర్పి వైపు బయల్దేరాం. మొన్న వాన పడిందని డ్రైవర్ చెప్పాడు. దారి పొడుగునా ఎర్రనేల ఇంకా తడిగా ఉంది, ప్రతి చేలోనూ ఎద్దులు తిరుగుతున్నాయి. క్యాంపు దగ్గరపడ్డాక మాత్రం ఎద్దుల్లేవు. ఎర్ర జెండాలున్నాయి.

సైన్యంలో చేశానంటే మా ఊళ్లో అందరూ తుపాకీ సంగతులే అడుగుతారు. నేను వర్క్‌షాప్ మెకానిక్‌ని. సర్వీసంతా నేను పట్టుకున్నది స్క్రూడ్రైవర్. ఆ మాట వినగానే మొహాలు వాడిపోతాయి. వాడితే వాడనివ్వండి, చెబుతాను.

అక్కడ ఫిరంగుల అభ్యాసం జరుగుతోంది. ఫిరంగి గురి కుదరాలంటే పైన గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంగా వీస్తోందో తెలియాలి. అందుకని బెలూన్ వదులుతారు. దాని సంకేతాలు పట్టుకుని ఒక యంత్రం లెక్క చెబుతుంది. చాలా పాతది. పొద్దున్నే ఫ్లాపీ పెడితే తప్ప మేలుకోదు. ఫ్లాపీలేమో అప్పటికే బజార్లో దొరకడం మానేశాయి. ఇప్పుడు ఆ ఫ్లాపీ డ్రైవే పాడైంది. గాలి లెక్క లేక ఫిరంగులు ఊరికే నిలబడ్డాయి. అవి పేలడం ముగిసేదాకా జెండాల లోపలి చేలల్లో ఎవరూ అడుగు పెట్టకూడదు.

గేటు దగ్గర ఒకామె కూర్చుని ఉంది. పేరు నారాయణమ్మ. పక్కన ఎద్దుల జత, విత్తే గొర్రు, వేరుశనగ విత్తనం మూట. ట్రక్కు ఆగగానే లేచి వచ్చింది.

“ఏమప్పా, మిషను బాగుచేసేటోడివి నువ్వేనా?”

“అవునమ్మా.”

“బిన్నా చెయ్యప్పా. పదును ఆరిపోతాండాది. ఈ పదునుకు ఇత్తనం పడకుంటే మళ్లా వాన ఎప్పుడొస్తాదో! పోయినేడు రాకనే పాయ.”

పదునంటే విత్తనం మొలవడానికి నేలలో ఉండాల్సిన తడి. ఆ ఎండకు అది నాలుగు రోజులు నిలిస్తే గొప్ప.

మా సుబేదార్‌ని అడిగాను. “సాబ్, యంత్రం ఎలాగూ పడుకుంది. ఈ పూట ఆమెను వదిలితే?”

“యంత్రం లేచిన నిమిషంలో ఫిరంగి పేలుతుంది. ఆర్డర్ మార్చే అధికారం నీకూ లేదు, నాకూ లేదు. ఆమెకు సాయం చెయ్యాలనుంటే నీ పని కానివ్వు” అన్నాడు.

యంత్రం నడిపే సిపాయి నల్లమాడ వైపు రైతుబిడ్డ. వాడి ముందే డ్రైవ్ విప్పాను. లోపలంతా ఎర్రగా ఉంది. అక్కడి దుమ్మే అనుకున్నాను. తుడిచిన గుడ్డకు పసుపు కూడా అంటింది.

“ఇదేంట్రా?”

వాడు తల దించుకున్నాడు. “వాన పడిన్నాడు పూజ చేసినానన్నా. మా ఇంట్లో గొర్రుకు పసుపు కుంకుమ పెట్టకుండా ఇత్తనానికి పోము. ఈడ నాకు గొర్రు ఇదే గదా అని...”

“పెడితే పెట్టావు, దాని నోట్లో ఎందుకు పెట్టావు?”

“పైన్నే పెట్టినాన్నా. లోపలికి రాలినట్టుండాది.”

నవ్వొచ్చింది. గేటు దగ్గర మనిషి గుర్తొచ్చి అంతలోనే ఒళ్లు మండింది. లోపలున్న ఫ్లాపీ గీతలు పడి చచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే. వాడు దాన్ని చేతిలో పట్టుకుని, “ఇది పెట్టి చూద్దామాన్నా?” అన్నాడు.

“చెయ్యి తియ్!” అని అరిచాను. ఆ డ్రైవ్‌లో పెడితే అదీ పోయేది.

దాన్ని నా ల్యాప్‌టాప్‌లో పెట్టాను. గరగరమంది. సగంలో ఆగింది. వాడు కళ్లు మూసుకుని ఏదో దేవుడికి మొక్కుతున్నాడు. నేనూ మొక్కాను. మళ్లీ కదిలింది. కాపీ పూర్తయింది. దాన్ని యూఎస్‌బీ స్టిక్‌లోకి ఎక్కించాను.

కొత్త పరికరం సరిగ్గా ఫ్లాపీ డ్రైవంతే ఉంటుంది. అవే స్క్రూలు, అదే కేబుల్. ఫ్లాపీ పెట్టే నోటికి బదులు స్టిక్ దూరేంత సందు ఉంటుంది. ముసలి యంత్రం మాత్రం తానింకా ఫ్లాపీయే చదువుతున్నాననుకుంటుంది. బిగించి స్విచ్ వేశాను. లైటు వెలిగింది, తెర వెలగలేదు. కేబుల్ తిప్పి పెట్టాను. తెర మీద అక్షరాలు లేచాయి.

మధ్యాహ్నం మూడింటికి బెలూన్ పైకి లేచింది. కాసేపటికి వైర్‌లెస్‌లో గొంతు: “గాలి లెక్క ఏదీ? ఓవర్.”

“వచ్చింది సార్, పంపుతున్నాం. ఓవర్.” సిపాయి అంకెలు చదివి వినిపించాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “దీనికి బొట్టు యాడ పెట్టాలన్నా?”

“పెట్టె మూత మీద. అదీ తడి బొట్టు.”

ఫిరంగులు ఆ సాయంత్రం, మర్నాడంతా పేలాయి. ఆ రెండు రోజులూ ఎండ కాసింది. ప్రతి పేలుడుకూ నేను నేల వైపే చూశాను. ఆ మరుసటి ఉదయం జెండాలు దించారు.

నా ట్రక్కు బయల్దేరేసరికి నారాయణమ్మ చేలో ఉంది. పైచేలో వంగి మట్టి తీసి పిడికిలి బిగించింది. తెరిస్తే పొడిగా రాలిపోయింది. కిందచేలోకి దిగింది. మళ్లీ వంగింది. మళ్లీ పిడికిలి బిగించింది. ట్రక్కు ఆపమన్నాను. ఆమె నన్ను చూసి, గట్టు దాకా వచ్చి అరచెయ్యి తెరిచింది.

“పైచేను పాయ. కిందచేను నిలిచిండాది. సాలప్పా.”

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డ్రైవర్ చూస్తాడని కూడా దాచుకోలేదు.

ఇంటికొచ్చి ఇన్నేళ్లయింది. ఎవరైనా నా సర్వీసు గురించి అడిగితే ఫిరంగులు గుర్తుకు రావు. ఆమె అరచేతిలో ఎర్రమట్టి ముద్ద, దాని మీద నాలుగు వేళ్ల అచ్చులు కనిపిస్తాయి.