నమస్కారానికి బదులు టేపు

మా ఇందర్‌కు మనిషి ఎదురైతే నమస్కారం పెట్టడు, టేపు పెడతాడు. వాళ్లమ్మ కమలగారు జాకెట్లు కుట్టే మిషను సొరుగులోంచి కొట్టేసిన పసుపుపచ్చ టేపు ఒకటి వాడి మెడలో ఎప్పుడూ వేలాడుతుంటుంది. "జర కూసోండి" అంటాడు. మనం పూర్తిగా కూర్చునేలోపే నడుము వెడల్పు, తుంటి నుంచి మోకాలు, మోకాలి నుంచి మడమ, అన్నీ కొలిచేసి, మార్కర్‌తో తన ముంజేతి మీద రాసుకుని మాయమైపోతాడు. మనం మాత్రం నోరు తెరుచుకుని అక్కడే మిగిలిపోతాం.

పూర్తి పేరు ఇంద్రసేన. తాతగారి పేరు. నారాయణగూడలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. వాడూ నేనూ ఒకే బెంచీ. తేడా అల్లా, వాడింకా కాలేజీకి వెళ్తున్నాడు, నేను రెండో ఏడే కాలేజీని వదిలేశాను. వెళ్లొద్దని మా ప్రిన్సిపాల్ ఫ్లైఓవర్ దాకా నా వెంట పరుగెత్తాడని చెబితే జనం నమ్మరు. నమ్మకపోతే వాళ్ల కర్మ.

ఈ కొలతల పిచ్చికి కారణం కారు. అశోక్‌నగర్‌లో మేముండే అపార్టుమెంటు సెల్లారులో వాడు కారు తయారుచేస్తున్నాడు. కొనడం కాదండీ, తయారుచేయడం. కాలేజీ అడగలేదు, మార్కులు రావు, ఉత్త సరదా. కాచిగూడ వైపు పాత సామాన్ల దుకాణాల్లో దొరికిన ఆటో ఇంజను, మంచం పైపులు, మూతబడ్డ సినిమాహాలు కుర్చీ, ఇవీ దాని అవయవాలు. చీఫ్ ఇంజనీర్ని నేనే. అంటే, టార్చిలైటు పట్టుకునేవాణ్ణి. వెలుతురు లేనిదే ఏ ఇంజనీరింగ్ నడుస్తుందో మీరే చెప్పండి.

"కారు కట్టుకోరా, కాదన్న. మందినెందుకు కొలుస్తున్నవు?" అని అడిగాను.

"మనిషి కొలతకు కారుండాలె తేజా. కారు కొలతకు మనిషి ముడుచుకునుడేంది?"

వినడానికి బాగానే ఉంటుంది. టేపు మీ మీద పడ్డప్పుడు తెలుస్తుంది. అందరికంటె ముందు పడ్డది నా మీదే. ఒక మధ్యాహ్నం మా నాన్న పీట మీద కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నారు. వెనక నుంచి వీడొచ్చి వీపు పొడుగునా టేపు పరిచాడు. నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోతూ కొయ్యబారిపోయారు.

"ఏందిరా ఇది? నేనింక బతికే ఉన్న గదరా!"

అమ్మ చేతిలోని గరిటె చారులో మునిగిపోయింది. వీడు మాత్రం, "జర నిటారుగ కూసో పెదనాయిన, మనిషివి తగ్గుతున్నవు" అని తాపీగా ముంజేతి మీద అంకె వేసుకున్నాడు. ఆ రోజు నుంచి మా నాన్న అన్నం గోడకు వీపానించి తింటున్నారు.

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద నీడలో ట్రాఫిక్ కానిస్టేబుల్ తిమ్మప్పగారు స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతుంటే ఆయన్నీ వదల్లేదు. మోకాలి దగ్గర టేపు తగలగానే ఆయన అదిరిపడ్డాడు, చాయ్ ఒలికింది. మమ్మల్ని స్టేషనుకు తీసుకెళ్తాడని నేను పక్క సందు చూసుకుంటున్నాను. ఆయన ఒకసారి టేపు వంక చూశాడు, ఒకసారి తన పొట్ట వంక చూసుకున్నాడు. గొంతు తగ్గించి, "డిపార్టుమెంటు పంపిందా? కొత్త యూనిఫామా? నడుము కాడ జర వదులు పెట్టు తమ్మీ" అన్నాడు. వీడు కాదనలేదు, అవుననలేదు. "సరే సార్" అని రాసుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎక్కడ కనిపించినా "నా యూనిఫాం ఏమాయె?" అని అరుస్తుంటే మేము సందులు మారుతూ తిరిగాం.

అట్లా వాచ్‌మన్ అయ్యాడు, పాలాయన అయ్యాడు, అపార్టుమెంటులో అన్ని ఇళ్లవాళ్లూ అయ్యారు. మిగిలింది ఇద్దరే. మా అసోసియేషన్ ప్రెసిడెంటు విశ్వేశ్వరరావుగారు, ఆయన తల్లి బాలత్రిపురసుందరిగారు.

ప్రెసిడెంటుగారికి క్రమశిక్షణ ఎక్కువ. ఆయన లిఫ్టులో దగ్గడానికి కూడా పర్మిషన్ తీసుకుంటాడని నేనే ప్రచారంలో పెట్టాను. టేపు చూడగానే ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. "అబ్బాయ్, ఆ టేపు నా మీద పడిందో, నీ డొక్కు బండి పాత సామాన్ల కబాడీలో పడుతుంది!"

మామ్మగారి సంగతి వేరు. ఒకప్పుడు చిక్కడపల్లి గానసభలో నాటకం ఉందంటే మొదటి వరసలో ఆవిడ ఉండాల్సిందే. నటుడు పద్యం మరిచిపోతే లోపలివాడు అందించేలోపే ఈవిడ అందించేది, చివరి వరసకు వినబడేట్టు. ఆవిణ్ణి చూస్తే కృష్ణుడి వేషాలకు చెమటలు పట్టేవి. కిందటేడు బాత్రూములో జారిపడ్డాక కుడి మోకాలు కర్రలా బిగుసుకుపోయింది. ఇక మడత పడదు. ఒకసారి ఆటోలో వెళ్తే కాలు బయటికే ఉండిపోయింది. కొడుకు కారులో సీటు ఎంత వెనక్కి జరిపినా ఇమడలేదు. అప్పట్నుంచి ఆవిడ, "నాటకాల మీద మోజు పోయింది నాయనా" అని, బాల్కనీలో స్టూలు మీద కాలు చాపుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. కొడుకు నమ్మాడు. అందరం నమ్మాం.

ఒకనాడు ఆవిడే బాల్కనీలోంచి గద్దించింది. "ఏవోయ్ ఇంద్రసేనా! వాచ్‌మన్‌ని కొలిచావు, పాలవాణ్ణి కొలిచావు, ఆ మెట్ల కింద పిల్లిని కూడా కొలిచావట! నన్నొక్కదాన్నే వదిలేశావేం? నేను మనిషిని కానా?"

"అయ్యో మామ్మగారు, మరిచేపోయిన!" అంటూ వీడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కిపోయాడు. పిల్లిని గుర్తుపెట్టుకున్నవాడు ఈవిణ్ణి మరిచిపోవడమేమిటని నేను నివ్వెరపోయాను. అంతటితో ఆలోచించడం మానేశాను. నా మేధస్సును చిన్న విషయాల మీద ఖర్చుపెట్టను.

ఇక కారు రూపం. కుడివైపు స్టీరింగు, మామూలే. ఎడమవైపు చూసినవాళ్లే బిత్తరపోయేవాళ్లు. ముందు డ్యాష్‌బోర్డు లేదు, ఏమీ లేదు. సినిమాహాలు కుర్చీ ముందు నుంచి బండి మూతి దాకా ఒక పొడుగాటి మెత్త, దాని మీద ఖాళీ. తలుపు బీరువా తలుపంత.

"ఈడ ఏం పెడతవురా?"

"ఖాళీ పెడుతున్న."

"ఖాళీ ఎవడన్న పెడతాడురా?"

"అన్నిటికంటె కష్టం అదే తేజా. ఇంజను ఎట్లనో అట్ల జరిగింది, బ్యాటరీ జరిగింది. ఖాళీ కోసమే పరేషాన్ అయితున్న."

మొదటిసారి స్టార్టు చేసిన రోజు భూకంపమనుకుని మూడో అంతస్తువాళ్లు గ్యాసు కట్టేసి కిందికి దిగారు. డాబా మీద ఆరేసిన తెల్లపంచెలు నల్లపంచెలయ్యాయి. వాటిలో ఒకటి ప్రెసిడెంటుగారిది. పైగా బండికి సెల్లారు ర్యాంపు ఎక్కడం రాలేదు. సగం ఎక్కేది, ఆలోచించేది, మళ్లీ కిందికి జారేది.

పంచె చేతిలో పట్టుకుని ప్రెసిడెంటుగారు తీర్పు చెప్పారు. "ఆదివారం సాయంత్రంలోగా ఇది ఎవరూ తోయకుండా, తనంతట తాను ర్యాంపు ఎక్కి బయటికి రావాలి. రాకపోతే కబాడీవాడు పట్టుకుపోతాడు. అంతే!"

ఇందర్ ముఖం తెల్లబోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఆదివారమే కావాలె, ఆదివారమే కావాలె" అని గొణుక్కుంటూ స్పానరు వెతుక్కున్నాడు. ఆ రోజే ఎందుకు కావాలో నాకర్థం కాలేదు. సందు మొగలో గానసభ పద్యనాటకం పోస్టరు అంటించి ఉంది కానీ, నాకు పోస్టర్లు చదివే అలవాటు లేదు.

ఆదివారం రానే వచ్చింది. ప్రెసిడెంటుగారు గేటు దగ్గర కుర్చీ వేయించుకున్నారు. పక్కన కబాడీ ఆటోట్రాలీ, త్రాసుతో సహా. అపార్టుమెంటంతా అక్కడే. నన్ను కూడా ఇందర్ సెల్లారులోకి రానివ్వలేదు. చీఫ్ ఇంజనీర్ని! నన్ను!

లోపల ఇంజను దగ్గింది. సెల్లారు చీకట్లోంచి బండి మూతి ఒక్కటే ర్యాంపు మీద కనిపించింది. సగం దాకా వచ్చింది. ఆగింది. గుర్రుమంది. నెమ్మదిగా, సిగ్గుపడుతున్నట్టు, కిందికి జారిపోయింది.

"చూశారా!" అన్నారు ప్రెసిడెంటుగారు. కబాడీ ఆయన త్రాసు దులిపాడు.

లోపల చప్పుడు ఆగిపోయింది. ఇంతలో మళ్లీ ఇంజను మోత, ఈసారి గొంతు వేరు. ముందుగా సైలెన్సరు కనిపించింది. తర్వాత వెనక చక్రాలు. బండి వెనక్కి నడుస్తూ పైకెక్కుతోంది! పొగ కక్కుతూ, మాకు వీపు చూపిస్తూ, ఒక్కో అడుగే ఎక్కి గేటు దగ్గరికొచ్చి నిలబడింది. ఆ ఆటో ఇంజనుకు అన్నిటికంటె బలమైన గేరు రివర్సేనట. ఆ ఉపాయం నాదేనని రాసుకోండి, వాడేమీ అనుకోడు.

బండి చుట్టూ తిరిగి ముందు వైపుకొచ్చిన ప్రెసిడెంటుగారు గుడ్లు తేలేశారు. ఎడమ కుర్చీలో మామ్మగారు! పట్టుచీర, తలలో కనకాంబరాలు. కుడికాలు ఆ మెత్త మీద హాయిగా చాచి ఉంది. బీరువా తలుపు మూసి ఉంది. ఇంత కాలు కూడా బయటికి లేదు.

"అమ్మా! నువ్వేంటి ఇందులో? నాటకాల మీద మోజు పోయిందన్నావు కదా?"

"మోజు పోలేదురా, కాలు పట్టలేదు. ఆటోలోంచి కాలు బయటపెట్టుకుని వెళ్తుంటే సందంతా తొంగిచూసింది. నలుగురికీ వినోదం కావడం కంటే ఇంట్లో ఉండటమే నయమనుకున్నాను. ఊఁ, తప్పుకో. మొదటి వరస నిండిపోతుంది."

ప్రెసిడెంటుగారు తప్పుకున్నారు. కబాడీ ఆటోట్రాలీ తానే తప్పుకుంది.

బండి నడక వేగంతో చిక్కడపల్లి వైపు సాగింది, వెనక మేమంతా ఊరేగింపులా. చౌరస్తాలో చెయ్యి అడ్డం పడింది. తిమ్మప్పగారు! ఆ రోజు డ్యూటీ అక్కడ.

"నంబరు ప్లేటు ఏది? అసలు ఇదేం బండి?" అంటూ వంగిన మనిషి ఇందర్ మెడలో టేపు చూసి నిశ్చేష్టుడయ్యాడు. "నువ్వా! నా యూనిఫాం ఏడ?"

"మా అమ్మ కుడతది సార్. కాని ఆమెకు జాకెట్లే వస్తయి."

ఆయనకు కోపం రావాలో నవ్వు రావాలో తేలేలోపే మామ్మగారి చాచిన కాలు కనబడింది. ఆవిడ, "బాబూ, పావుగంటలో తెర లేస్తుంది" అంది. తిమ్మప్పగారు టోపీ సరిచేసుకున్నాడు. "గానసభ దాకనే. నేను ముందు నడుస్త, నన్ను దాటొద్దు. రేపటి నుంచి ఇది రోడ్డు మీద కనబడితే కబాడీ ఆయన్ను నేనే పిలుస్త" అని, విజిల్ వేసుకుంటూ ట్రాఫిక్ చీల్చాడు. మంత్రిగారికి కూడా అంత మర్యాద జరగదు.

నాటకం మొదలైంది. రెండో అంకంలో కృష్ణుడు పద్యం మధ్యలో ఆగిపోయాడు. మొదటి వరసలోంచి ఠంగుమని తర్వాతి పాదం వినబడింది. కృష్ణుడు ఉలిక్కిపడి, ఆవిణ్ణి గుర్తుపట్టి, కిరీటం జారేంత వంగి దండం పెట్టాడు.

బయట బండి దగ్గర నేను ఇందర్‌ను పట్టుకున్నాను. "ఆమె కోసమే అయితె ఆమెనొక్కదాన్ని కొలిస్తె అయిపోతుండె గదరా. ఊరందర్ని ఎందుకు పరేషాన్ చేసినవు?"

వాడు టేపు చుట్టలు చుడుతూ నేల చూశాడు. "ఆమెనొక్కదాన్నే అడిగితే కాలు చూసి అడిగినట్టయితది. అందర్ని కొలిచి ఆమెను వదిలేసిన. కోపమొచ్చి ఆమే అడిగింది."

"మరి అందరికంటె ముందు నన్నెందుకు కొలిచినవు?"

"నీకైతె కోపం రాదు గద."

అంటే ఈ కారుకు పునాది కొలత నాదే. చీఫ్ ఇంజనీర్ని నేనేనని ముందే చెప్పాను.

ఇంతలో ప్రెసిడెంటుగారు హాల్లోంచి బయటికొచ్చారు. కళ్లజోడు తుడుచుకున్నారు. బండి వెనక భాగం చూశారు, అక్కడింకా సీటు లేదు. గొంతు సవరించుకున్నారు. "నంబరు సంగతి నేను ఆఫీసుల చుట్టూ తిరిగి కనుక్కుంటాను. ఈలోగా వెనక ఒక సీటు వేయవోయ్. అమ్మ పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా." ఆపైన ఆయన చేసిన పనికి నేనింకా తేరుకోలేదు. గానసభ మెట్ల మీద, నలుగురూ చూస్తుండగా, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు.

"ఊఁ, కానీ. కొలువు."

ఇందర్ నడుము చుట్టూ టేపు వేశాడు. టేపు చాలలేదు.