మా ఆయన వేసిన పదకొండు వేల అడుగులు

మా ఆయన ఆళ్లగడ్డలో రాతి శిల్పి. పోయిన వేసవి మొదట్లో గుండెకు స్టెంటు వేశారు. మూడు నెలలు సుత్తి ముట్టకూడదు, పొద్దునా సాయంత్రం నడవాలి అని డాక్టరు నాకు మరీమరీ చెప్పి పంపాడు. నేనేమో రోజూ బస్సెక్కి నంద్యాలలో విత్తనాల ఆఫీసుకు పోవాలి. ఈ మనిషికి కాపలా ఎవరు?

సెలవులకొచ్చిన మా అమ్మాయి అడుగులు లెక్కపెట్టే పట్టీ ఒకటి ఆయన చేతికి తగిలించింది. ఆ లెక్క నాకు కనిపించేలా నా ఫోన్‌లో విడ్జెట్ పెట్టింది. యాప్ తెరవక్కర్లేదు. ఫోన్ వెలిగిస్తే చాలు, తెర మీదే పచ్చటి చుట్టు, దాని మధ్య అంకె. "నాయన నడిచేది నీకు ఆడనే తెలుస్తాదిమా" అని చెప్పి కాలేజీకి పోయింది.

ఆ రోజు నుంచి నాకు పని మీద ధ్యాస ఉంటే ఒట్టు. బిల్లు కొట్టడం, ఫోన్ చూడడం. అంకె మారడానికి ఐదారు నిమిషాలు పట్టేది. మొదట్లో రోజుకు రెండు వేలు దాటని మనిషి రెండో నెలకు పదకొండు వేలకొచ్చాడు. నేను పొంగిపోయి ఆఫీసంతా చూపించాను.

"బావ అహోబిలానికి నడిచి పోతాండాడేమో అక్కా!" అని పక్క సీటు అమ్మాయి నవ్వింది.

ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే ఆ పిల్లే నా ఫోన్ చూసి నవ్వు ఆపేసింది. "రెండయితాంది టైము. ఇంత ఎండలో యాడ నడుస్తాండాడక్కా?"

ఇన్నాళ్లూ ఆ సంగతి తట్టలేదు నా మొద్దు బుర్రకు! ఫోన్ చేస్తే ఎత్తలేదు. అంకె మాత్రం పెరుగుతోంది. తింటున్న డబ్బా మూసేసి బస్సెక్కాను. దారి పొడవునా ఆ పచ్చ చుట్టునే చూశాను, ఎక్కడ ఆగిపోతుందోనని.

ఇంటికి తాళం. వీధి చివర ఆయన పనిచేసే రేకుల షెడ్డు నుంచి టంగు టంగుమని చప్పుడు. వెళ్లి చూస్తే కాళ్లు ముడుచుకుని కూర్చుని అమ్మవారి ముక్కు చెక్కుతున్నాడు. పట్టీ సుత్తి పట్టిన చేతికే ఉంది. దెబ్బ దెబ్బకూ చెయ్యి ఊగుతోంది, దాన్నే ఆ పట్టీ అడుగు అనుకుంటోంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఆయన ప్రాణం మీదికి తెచ్చుకునే పనిని నేను ఆఫీసంతా చూపించి మురిసిపోయాను.

"ఏమ్మే, ఇంత బేగా వచ్చినావ్?"

"సిగ్గులేదా నీకు? డాక్టరు ఏం జెప్పినాడు?" అరిచాను. అరుస్తూనే ఏడ్చాను.

ఆయన ఉలి కింద పెట్టాడు. "రోడ్డు మీద నడుస్తాంటే అడుగడుక్కీ భయమైతాంది, గుండె యాడ నిలబడిపోతాదోనని. ఈడ కూచుంటే గుండె ఒకటుందనే గ్యాపకమే రాదు."

అయినా సుత్తి లాక్కుని నా సంచిలో వేసుకున్నాను. మర్నాడు దాన్ని ఆఫీసుకే మోసుకుపోయాను. పిచ్చిదాన్ననుకోండి, ఇంట్లో పెడితే వెతుక్కోడా?

ఆ రోజు తొమ్మిదింటికి అంకె మూడు వందల పన్నెండు. పదింటికీ అంతే. పదకొండింటికీ అంతే. సుత్తి నా కాళ్ల దగ్గరే ఉంది, కొట్టమన్నా కొట్టలేడు. నా చేతులారా నేనే ఆపాను కదా అనిపించింది. ఫోన్ చేశాను.

"బాగానే ఉండా లే. ఊరికే కూచోనుండా" అన్నాడు నీరసంగా.

"లేచి నాలుగడుగులెయ్యయ్యా, నీకు పుణ్యముంటాది."

ఆరు నిమిషాలు. తర్వాత అంకె కదిలింది. ఇంకాసేపటికి మళ్లీ కదిలింది, ఈసారి వందల్లో. గదిలో నడుస్తున్నాడా? శిల్పి ఇంట్లో సుత్తి ఒకటే ఉంటుందా? ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. ఇంకొక్కసారి మారితే చాలు దేవుడా అనుకుంటూ తెర చూస్తూ కూర్చున్నాను.