సూర్యుడి కంటే ముందొచ్చిన అంబాసిడర్

ఒక సంఘం మొత్తానికి పొద్దు పొడవకముందే పొద్దు పొడిపించి, పాట పూర్తికాకుండానే ఆ పొద్దును ఆర్పేసిన మొనగాణ్ణి నేను. నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ వెలుగు చూసి ఉంటే మీరూ నోరు తెరిచేవాళ్ళే.

గురజాల పక్కన మా పల్లెలో ఈస్టరు ఆరాధన సమాధుల తోటలో జరుగుతుంది. చీకటితోనే అందరూ పెద్ద సిలువ వైపు చూస్తూ నిలబడతారు. తొలి వెలుగు దాని మీద పడగానే ఆడవాళ్ళు పాట ఎత్తుకోవాలి. ఆ లోపల పాస్టరు అయ్యగారిని నా పాత అంబాసిడర్‌లో చేర్చడం నా వంతు. ముందటేడు దాని ముసలి లైట్లు మిణుగురుల్లా వెలిగి, దారి కనపడక కారును మిరపచేలో దింపాను. అయ్యగారు వచ్చేసరికి సూర్యుడు బారెడెక్కాడు.

"ఈసారి కూడా ఇట్టాగే అయితే అయ్యగారికి ఆటో మాట్లాడతాం" అన్నారు సంఘపెద్దలు. ఆటో! నా పరువు మూడు చక్రాల కింద పడబోతోంది.

మెకానిక్ మస్తాన్ దగ్గరికి పరుగెత్తాను. పళ్ళెమంత దీపాన్ని గోనెసంచిలోంచి పసిబిడ్డను తీసినట్టు తీశాడు.

"ఏందిరా ఇది?"

"విమానం దిగేటప్పుడు ఏసే లైటు బాబాయ్. పాతసామాన్ల కొట్లో దొరికింది."

"నా కారు ఎగరదు గదా?"

"అది ఎగరదు. చూసినోళ్ళు ఎగిరిపడతారు."

దాన్ని కారు ముందు బిగించి, స్విచ్చి కింద ఒక కాగితం అంటించాడు. "అది సదువుకో బాబాయ్, చానా ముఖ్యం."

అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. ఆ మాట చెప్పడానికి నోరు రాదు. "సదివాన్లే" అన్నాను గంభీరంగా. పండగ కదా, బైబిలు వాక్యం రాసి ఉంటాడు, ఎంత అభిమానంరా అనుకున్నాను.

ఈస్టరు తెల్లవారుజామున, కొత్త దీపం చివర్లో చూపిద్దామని ముసలి లైట్లతోనే మెల్లగా నడుపుకుంటూ, అయ్యగారితో తోటకు తూర్పున ఉన్న మెరక ఎక్కాను.

"చానా ముందొచ్చామయ్యా యేసోబూ" అని ఆయన మెచ్చుకున్నారు. మెప్పు తలకెక్కి స్విచ్చి నొక్కాను.

ఏం చెప్పను! చీకటి చాపలా చుట్టుకుపోయింది. సిలువ నిలువెల్లా వెలిగింది. సమాధుల మీద బంతిపూలు రేకు రేకూ లెక్కపెట్టొచ్చు. కోళ్ళు కూశాయి, కాకులు లేచాయి, జనమంతా ఒక్క గొంతుతో పాట ఎత్తుకున్నారు. నొక్కింది నేనేనన్న సంగతి మరిచిపోయి, దణ్ణం పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను.

"నేను రాకుండానే మొదలెట్టారేందయ్యా?" అన్నారు అయ్యగారు.

రెండో చరణంలో దీపం పచ్చబడింది, ఎర్రబడింది, ఆరిపోయింది. ఇంజనూ ఆగింది. పాటా ఆగింది. చీకట్లోంచి మరియమ్మ పెద్దమ్మ గొంతు వినిపించింది: "ఏందే, సూరీడు మళ్ళా పడుకున్నాడు?"

అయ్యగారు సెల్లు లైటు వేశారు. "ఇక్కడేదో రాసుందే."

"వాక్యం అయ్యగారూ."

"కాదయ్యా. 'అర నిమిషం మించి ఏస్తే బ్యాటరీ సచ్చిపోద్ది బాబాయ్' అనుంది."

తెల్లబట్టల్లో ఇద్దరం సమాధుల మధ్య తడుముకుంటూ నడిచాం. భర్త సమాధి పక్కన నిలబడ్డ మరియమ్మ పెద్దమ్మ నన్ను చూసి కెవ్వుమంది.

"లేచొచ్చావా మావా!"

"నేను పెద్దమ్మా, యేసోబుని."

"నీ మొగం మండ! రవ్వంతసేపు నిజమే అనుకున్నా గదరా" అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

కాసేపటికి అసలు సూర్యుడు వచ్చాడు. పెద్దమ్మ చూసి పెదవి విరిచింది. "ఇదేందిరా, ఇందాకటంత లేదు!"

మరుసటేడు అయ్యగారు ఆటోలో వచ్చారు. నేను కొవ్వొత్తి పట్టుకుని నడిచి వెళ్ళాను. సూర్యుడి ముందు దివిటీ పట్టకూడదంటారు పెద్దలు; సూర్యుడి కంటే ముందే పట్టినవాడి గతి ఇది.

ఆ సిగ్గుతోనే పలక పట్టాను. అక్షరాలు కూడబలుక్కుని మొట్టమొదట చదివింది ఆ కాగితాన్నే. అయ్యగారు దయతలచి వదిలేసిన రెండో వరుస కూడా ఉంది దానిలో: "నీకు సదువు రాదని తెలుసు బాబాయ్. ఎవురితోనన్నా సదివించుకో."

కాబట్టి పెద్ద సిలువ సాక్షిగా, చచ్చిన నా బ్యాటరీ సాక్షిగా చెబుతున్నాను: ఇక ఈ జన్మలో సూర్యుడి కంటే ముందు ఉదయించను.