మా అత్త పేరూ నా పేరూ ఒకటే

నాకు రెండు పేర్లు. మేల్పాడిలో మా నాయన పెట్టినది ఒకటి, పెళ్లయ్యాక గుడియాత్తంలో అత్తగారింట్లో పెట్టినది ఇంకొకటి. రెండూ ఇక్కడ రాయను. ఇన్నేళ్లూ వాటి తగవు తీర్చలేక అలిసిపోయాను, ఇక్కడ కూడా ఆ రభస ఎందుకు? పైగా ఇది మేల్పాడి బడిలో నేర్చిన తెలుగులో రాస్తున్నాను కాబట్టి మా ఇంట్లో ఎవరూ చదవలేరు. పొద్దున లేచింది మొదలు తెలుగే మాట్లాడతారు, చదవడం రాయడం మాత్రం తమిళంలోనే. మా అత్తకు అదీ రాదు. నా ధైర్యమంతా అదే.

మా నాయన నాకు వాళ్లమ్మ పేరు పెట్టాడు. అత్తగారి పేరు కోడలు పలకకూడదు గనక మా అమ్మ నన్ను ఆ పేరుతో ఏనాడూ పిలవలేదు, పాపా అనేది. నాయన పిలిచేవాడు, బడిలో హాజరు వేసేటప్పుడు పంతులు పిలిచేవాడు, అంతే. తీరా గుడియాత్తం సంబంధం కుదిరాక తెలిసింది, కాబోయే అత్తగారిదీ అదే పేరని. జాతకాలు కలిశాయి, పేర్లు మరీ ఎక్కువగా కలిశాయి. తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులో ఉండగానే మా అత్త నన్ను పీట మీద కూర్చోబెట్టి, నోట్లో చక్కెర పోసి, కొత్త పేరు పెట్టేసింది. మా వాళ్లలో ఇది వింతేమీ కాదు. కోడలికి తన పేరే ఉంటే అత్త కసురుకోవడం ఎట్లా? తనను తాను తిట్టుకున్నట్టు ఉంటుంది కదా. నా పేరు తీసేసింది అందుకేనని నేను అనుకున్నాను. చాలా ఏళ్లు అట్లాగే అనుకుంటూ, లోపల కొంచెం మండుతూ ఉన్నాను.

ఆధార్ తీసే మనుషులు మా వీధి బడిలో దిగినప్పుడు ఇంటిల్లిపాదీ వెళ్లాం. యంత్రం ముందు కూర్చున్నాయన నా పేరు అడిగాడు. నా పదో తరగతి సర్టిఫికెట్ సంచీలోనే ఉంది. కానీ పక్కన అత్త నిలబడి ఉంది. ఆమె ఎదురుగా ఆమె పేరు నా నోట ఎట్లా వస్తుంది? అది నా పేరు కూడా అయితే మాత్రం? నేను నీళ్లు నములుతుంటే ఆమే రేషన్ కార్డు ముందుకు తోసి, తను పెట్టిన పేరు రాయించింది. నేనూ పోనీలే అనుకున్నాను. పాన్ కార్డు మాత్రం అంతకు ముందే, నేను ప్రైవేటు బడిలో టీచరుగా చేరిన కొత్తలో, బడివాళ్లు సర్టిఫికెట్ చూసి తీయించారు. అందులో ఉన్నది నాయన పెట్టిన పేరు. ఆ రెండు కార్డులూ ఒకే పర్సులో, ఒకదాని ముఖం ఒకటి చూడకుండా ఏళ్లకేళ్లు కాపురం చేశాయి.

ఆ తరువాత పాన్‌ను ఆధార్‌తో కలపాలి, లేకపోతే పాన్ చెల్లదు అన్నారు. గడువు పెట్టారు, పొడిగించారు, మళ్లీ పొడిగించారు. పొడిగించిన ప్రతిసారీ నేను ఊపిరి పీల్చుకుని మరిచిపోయాను. ఇంతలో నా రిటైర్మెంటు దగ్గరపడింది. బడిలో లెక్కలు చూసే ఆయన పిలిచి, "టీచర్, రెండూ కలవకపోతే మీ పీఎఫ్ కదలదు" అన్నాడు. ఆ పూట స్టాఫ్ రూములో కూర్చుని ఫోనులో నంబర్లు కొట్టాను. వివరాలు సరిపోవడం లేదని వచ్చింది. వేలు తప్పిందేమోనని మళ్లీ కొట్టాను. మళ్లీ అదే.

ఇన్నేళ్లు సుద్దముక్క పట్టుకుని నేను సంపాదించుకున్నదంతా ఆ పీఎఫ్‌లోనే ఉంది. జీతం ఎప్పటికప్పుడు ఇంట్లో కలిసిపోయింది, దాని గురించి బాధ లేదు. ఇదొక్కటే నాది. అది నా పాత పేరు మీద ఉంది, ఆ పేరు మనిషి నేను కాదని ఫోను చెబుతోంది. అప్పట్నుంచి నాకు భయం పట్టుకుంది. పొయ్యి మీద పాలు పెట్టి ఫోను చూసేదాన్ని, పాలు పొంగిపోయేవి. క్లాసులో పిల్లలు పేరు పిలిస్తే పలకడం చూసి, వీళ్లకెంత సులువు అనుకునేదాన్ని. ఫోను మోగితే గుండె దడ, మోగకపోతే ఇంకా దడ.

మా ఆయనది కైలీల, అంటే లుంగీల వ్యాపారం. దేన్నైనా మడత పెట్టి పక్కన పెట్టేయడం ఆయనకు అలవాటు.

"ఏమే, దీనికింత దిగులు యాలా? పాన్‌లో పేరు మార్చేస్తే పాయె. ఆధార్ చూపిస్తే మార్చిస్తారంట" అన్నాడు.

"మారిస్తే సర్టిఫికెట్లో ఉండేదెవురు? సర్వీసు పుస్తకంలో ఉండేదెవురు? పీఎఫ్‌లో ఉండేదెవురు?"

"అంతా నువ్వే గదా."

"నాకి తెలుసు, నీకి తెలుసు. వాళ్లకి ఎట్ల తెలస్తాదప్పా?"

ఒకచోట అతుకు వేస్తే మూడుచోట్ల చినిగే గుడ్డ అది. మార్చాల్సింది ఆధార్‌నే. నిజం చెప్పాలంటే, సుఖమైన దారి ఉన్నా నేను దాంట్లో పోయేదాన్ని కాదేమో. మా నాయన పోయాక నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. కాగితాల్లోంచి కూడా తీసేస్తే అది ఇంకెక్కడుంటుంది?

వేలూరు వెళ్లి, సత్తువాచారిలో కలెక్టరాఫీసు దగ్గరున్న కేంద్రంలో సర్టిఫికెట్ ఇచ్చి దరఖాస్తు పెట్టాను. తిరస్కరించినట్టు మెసేజీ వచ్చింది. మళ్లీ వెళ్లాను. అక్కడి పెద్దాయన మా రేషన్ కార్డు అటూ ఇటూ తిప్పాడు. ఈ పేరు మీద మీ ఇంట్లో ఇంకొకామె ఉంది, మీరేమో వేరే పేరుతో ఉన్నారు, ఇద్దరూ ఒకరు కాదని మాకెట్లా తెలుస్తుంది అన్నాడు. ఆమెను ఆమె ఆధార్‌తో సహా వెంటబెట్టుకు రమ్మన్నాడు. అడగడంలో తప్పేమీ లేదు. కానీ నా చిక్కు నాది. ఏ మనిషి ఎదుట ఆ పేరు ఎత్తలేక ఇన్నేళ్లు నోరు కట్టుకున్నానో, ఆ మనిషినే తీసుకుపోవాలి.

ఇంటికొచ్చి, ఉలవలు చెరుగుతున్న అత్త పక్కన కూర్చుని విషయమంతా చెప్పాను. చేట ఆగింది.

"కుదరదు. ఒక ఇంట్లో ఒక పేరు ఇద్దురికి ఉండకూడదు. ఆ పొద్దే చెప్పినా."

"పిలిచేదానికి కాదత్తా. కార్డులో మాత్రమే."

"కార్డులో ఉంటే చాలదా?"

అంతే. ఆ తరువాత నేను పెట్టిన కాఫీ ముట్టలేదు, నాతో మాట్లాడలేదు. నా మీద కోపమైతే తిడుతుంది, నాకది అలవాటే. ఈ మౌనమే అంతుబట్టలేదు. గడువు దగ్గరపడుతోంది. అడగాలంటే భయం, అడక్కపోతే ఎట్లా అని భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది నేను మా వంటింట్లోనే చూశాను.

ఒకరోజు బడికి సెలవు. పెరట్లో బట్టలు ఆరేసి వచ్చేసరికి అత్త ఉతికిన చీర కట్టుకుని, తన ఆధార్ కార్డు చేతిరుమాల్లో చుట్టుకుని, గడప దగ్గర నిలబడి ఉంది.

"పద పోదాం. బస్సు పోతాది" అంది.

ఎందుకు మనసు మారిందో అడగలేదు. అడిగితే మళ్లీ మారుతుందేమోనని నోరు మూసుకున్నాను. పళ్లికొండ దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నేను సంచీలో సర్టిఫికెట్ ఉందో లేదో తడుముకుంటూనే ఉన్నాను.

కేంద్రంలో బల్ల మీద కూర్చున్నాం. మా వంతు రావడానికి ఇంకా చాలామంది ఉన్నారు. ఉన్నట్టుండి అత్త నా మణికట్టు పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

"మా పుట్టింట్లో ఒకే పేరుతో ఇద్దురుండ్రి" అంది, నా వైపు చూడకుండా. "మా నాయన్ను కన్న జేజి, మా పెద్దన్న పెండ్లాము. మా జేజి మంచంలో పడింది, ఈ పొద్దా రేపా అని ఉండాది. ఆమె లేచి కూర్చునింది. బంగారట్లాంటి వదిన, ఒక్క జరంతో పాయె. పిల్ల పాలు కూడా మరవలేదు. యముడు పేరు చూసుకోని వస్తాడు గాని, మొగం చూసుకోని వస్తాడా? తప్పుమనిషిని పట్టుకోని పోయినాడని అందురూ అన్నారు."

నేను సంచీ తడమడం మాని ఆమె వైపు తిరిగాను.

"నువ్వు మా ఇంటికొచ్చిన పొద్దు, నీ పేరు వినంగానే నాకి అదే గుర్తుకొచ్చింది. నేను పెద్దదాన్ని. నాకోసరం వచ్చినోడు నిన్ను పట్టుకోని పోతే మీ నాయనకి నేనేం చెప్పేది?"

కసురుకోవడానికి అడ్డమని నా పేరు తీసేసిందనుకున్నాను. ఇన్నేళ్లు దాన్ని మనసులో పెట్టుకుని, ఆమెకు కాఫీలో చక్కెర తక్కువైనప్పుడల్లా కొంచెం సంతోషించాను కూడా. ఈ మాట ముందే చెప్పి ఉండొచ్చు కదా అని కోపం కూడా వచ్చింది. చావు మాట కోడలితో ఎట్లా చెబుతుంది?

మా వంతు వచ్చింది. కంప్యూటర్ ముందున్న అమ్మాయి ఇద్దరి వేళ్లూ యంత్రం మీద పెట్టించుకుంది. వేరువేరు మనుషులేనని తేలింది. తరువాత నన్ను చూసి, మార్చాల్సిన పేరు నోటితో ఒకసారి చెప్పండి అని తమిళంలో అడిగింది. నేను అత్త వైపు చూశాను. ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. వెనక ఎవరో విసుక్కున్నారు.

"చెప్పు. నేను చెవులు మూసుకుంటా" అంది అత్త. అని నిజంగానే రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుని, కళ్లు కూడా మూసుకుంది.

చెప్పాను. ఎంత మెల్లగా చెప్పానంటే, ఆ అమ్మాయి ముందుకు వంగి మూడోసారి అడిగింది. అప్పుడు గట్టిగా, హాజరు పలికినట్టు చెప్పాను. అత్త కళ్లు తెరిచింది. విన్నదో లేదో నాకు తెలియదు. బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగి, ఆ అమ్మాయితో తెలుగులోనే అంది:

"పాపా, పక్కన వయసు గూడా రాయి. పెద్దది నేను. ఇది చిన్నది. తారుమారు కాకూడదు."

అమ్మాయికి అర్థం కాక నా వైపు చూసింది. వయసు రాయమంటోంది అని మాత్రం తమిళంలో చెప్పాను. పుట్టిన తేదీ ఇద్దరికీ ముందే ఉంది అవ్వా, అని ఆ అమ్మాయి నవ్వింది. అత్త నవ్వలేదు.

"పెద్దచ్చరాలతో రాయమను" అంది నాతో.

ఆ తరువాత మళ్లీ ఎదురుచూపు. ఫోను మోగితే దడ, మోగకపోతే దడ. ఆధార్‌లో పేరు మారినట్టు మెసేజీ వచ్చింది. మొదటి గడువులు దాటినందుకు జరిమానా కట్టి, రెండు నంబర్లూ మళ్లీ కొట్టాను. చివరి గడువుకు ముందే, ఒక మధ్యాహ్నం, రెండూ కలిసినట్టు వచ్చింది. స్టాఫ్ రూములో ఎవరికీ చెప్పలేదు. తిన్నగా ఇంటికొచ్చాను.

అత్త వసారాలో పడుకుని ఉంది. పక్కన కూర్చుని, "అయిపోయిందత్తా, రెండు కార్డులూ కలిసిపోయినాయి" అన్నాను.

ఆమె లేచి కూర్చుంది. ఫోను తీసుకుని, చదవడం రాకపోయినా ఆ అక్షరాలను కాసేపు చూసింది.

"పెద్దది యెవురో దీంట్లో ఉండాదా?"

"ఉండాదత్తా. మొదట నువ్వే అని ఉండాది" అన్నాను.

"అయితే సరి" అంది. ఫోను నా చేతిలో పెట్టి, కాఫీ పెట్టమంది.